నటాల్ వెళ్లిన పూర్వీకుల జాడ తీస్తామనే వారికి డబ్బు కట్టే ముందు జాగ్రత్త

మా తాతగారి తాతకు తమ్ముడైన ఒక వ్యక్తి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఒప్పంద కూలీగా వెళ్లి మరి తిరిగి రాలేదు. ఆయన జాడ తెలుసుకోవాలని, వంశ చరిత్రలు వెలికితీసి ఇస్తామని ప్రకటించుకున్న ఒక ఆన్‌లైన్ సంస్థకు ఈ మధ్యనే మొత్తం రుసుము ముందుగా చెల్లించి మోసపోయాను. ఇదే పనికి డబ్బు కట్టబోతున్నవారు నా అనుభవం చదివాకే నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను.

సంస్థ పంపిన నివేదిక చూడడానికి ఎంతో బాగుంది. ఆయన 1870లో మద్రాసు రేవులో ఓడ ఎక్కాడని, ఓడలో వెళ్లినవారి చిట్టాలో స్వస్థలం గుంటూరు జిల్లాగా నమోదైందని, 1881 జనాభా లెక్కల్లో ఆయన అన్నగారి కుటుంబ సభ్యుల పేర్లన్నీ ఉన్నాయని, అంతకు మూడు తరాల ముందు మా వాళ్లు ఒక సంస్థానంలో ఉద్యోగులని అందులో రాశారు. మా పెద్దత్త దాన్ని చదివి కంటతడి పెట్టుకుంది. ఆమెకు అసలు సంగతి చెప్పవలసి రావడమే ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికన్నా బాధించింది.

అనుమానం మొదట సంవత్సరం దగ్గర కలిగింది. ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి నటాల్ రేవు డర్బన్ చేరడంతో మొదలైన ఈ వలస 1911 వరకు సాగిందని, మొత్తం 1,52,184 మంది వెళ్లారని చరిత్రకారులు లెక్క తేల్చారు. అయితే అది ఏకధాటిగా సాగలేదు. 1866లో ఆగిపోయింది, గడువు ముగించుకుని 1871లో తిరిగి వచ్చిన కూలీలు అక్కడ తమకు జరిగిన అన్యాయాలను చెప్పుకోవడంతో 1872లో విచారణ సంఘం వేశారు, ఆ తరువాత, 1874లో గాని ఓడలు మళ్లీ బయలుదేరలేదు. అంటే 1870లో నటాల్‌కు కూలీల ఓడే లేదు.

జిల్లా పేరు కూడా అలాంటిదే. గుంటూరు ప్రాంతం 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయింది, 1904లో తిరిగి ప్రత్యేక జిల్లా అయింది. ఆ మధ్య కాలంలో రాసిన చిట్టాలో కృష్ణా జిల్లా అని ఉండాలి. ఇక జనాభా లెక్కల విషయానికి వస్తే, మన దేశంలో ఆనాడు ఇంటింటా పేర్లతో నింపిన కాగితాలను భద్రపరచలేదు, మిగిలినవి మొత్తాల పట్టికలు మాత్రమే. బ్రిటన్‌లో అటువంటి కాగితాలు నిలిచి ఉన్నాయి కాబట్టి, అక్కడి వారి కోసం తయారుచేసిన నమూనాలో మా పేర్లు నింపి పంపారని నా అభిప్రాయం.

నటాల్ చేరిన ప్రతి కూలీకి ఒక వలస సంఖ్య ఇచ్చేవారు. ఓడ జాబితాల్లో ఆ సంఖ్యతో పాటు పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసేవారు. తొలి ఓడల జాబితాల్లో వివరాలు తక్కువ. డర్బన్‌లో కంప్యూటరుకెక్కించిన ఈ జాబితాలు ఉచితంగానే దొరుకుతాయి. నివేదికలో మా వారిదిగా చూపిన సంఖ్యను నేనే అందులో వెతికితే, అది వేరే జిల్లా నుంచి వెళ్లిన ఒక స్త్రీది. ఇంత సులభంగా సరిచూడగలిగిన విషయాన్ని డబ్బు తీసుకుని కూడా వారు సరిచూడకపోవడం క్షమించరానిది.

చిట్టాలోని అసలు పేజీ ఫొటో పంపమని అడిగాను. తమ పరిశోధన పద్ధతి రహస్యమని ఒకసారి జవాబిచ్చారు. డబ్బు వాపసు అడిగిన తరువాత ఆ జవాబు కూడా రావడం లేదు. నేను ముందే అడగవలసింది ఇదే: ప్రతి వివరానికీ అసలు పేజీ ఫొటో, అది ఏ పత్రాగారంలో ఏ సంఖ్య కింద ఉందో రాతపూర్వకంగా ఇస్తారా అని. దానికి సూటిగా ఒప్పుకోని వారికి పైకం కట్టకండి. ఒప్పుకున్నా సగం సొమ్ము ఆ ఫొటోలు చూసే దాకా మీ దగ్గరే ఉంచుకోండి. మామూలు రైతు కూలీ కుటుంబానికి సంస్థానంతో సంబంధం చూపిస్తే మరింత గట్టిగా ఆధారం అడగండి, ఎందుకంటే మనం వినాలని ఆశపడే మాటనే వారు అమ్ముతున్నారు.

సొంతంగా వెతికేవారు పేరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గుమస్తాలు చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు, ఇంటిపేరు సాధారణంగా రాయలేదు. తండ్రి పేరు, ఊరు, వయసు కలిపి చూస్తేనే దారి దొరుకుతుంది. అలా చూడగా మా వివరాలకు దగ్గరగా ముగ్గురు కనిపించారు. వారిలో మా వారెవరో ఇంకా తేలలేదు కాబట్టి, మా వంశవృక్షంలో ఆయన పేరు పక్కన సంవత్సరం, ఓడ పేరు ఇప్పటికి ఖాళీగానే ఉంచాను.