ఇంగ్లీష్ పీరియడ్‌లో తెలుగు: బొత్తిగా వద్దా, వాక్యం వాక్యానికీ కావాలా, కొన్నిచోట్లేనా? ఏది మేలు?

రెండేళ్ల కిందట ఒకరోజు నా ఏడో తరగతి ఇంగ్లీష్ పీరియడ్‌ని ఫోన్‌లో రికార్డు చేసి, రాత్రి ఇంట్లో పనులయ్యాక విన్నాను. "పుస్తకాలు తియ్యండి. నిన్న రానివాళ్లెవరు? కిటికీ దగ్గర ఏంటా గోల? బోర్డు ఎవరు తుడుస్తారు?" ఇదంతా తెలుగులోనే. పాఠం మొదలయ్యేసరికి నా గొంతు మారిపోయింది. ఒక వాక్యం ఇంగ్లీష్‌లో చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం, మళ్లీ ఇంకో వాక్యం. పీరియడ్ అంతటిలో పిల్లల నోటి నుంచి వచ్చిన ఇంగ్లీష్ "యెస్ మేడం", "నో మేడం", "మే ఐ కమిన్ మేడం". అంతకు మించి ఒక్క ముక్క లేదు.

శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె హైస్కూల్లో చాలా ఏళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నాను. ఆ రికార్డింగ్ విన్నాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. పిల్లలకు ఇట్టే అర్థమయ్యే సంగతులన్నీ తెలుగులో చెబుతున్నాను. అర్థం కానివన్నీ ఇంగ్లీష్‌లో చదువుతున్నాను. ఇది పూర్తిగా తారుమారు అని అప్పుడు తెలిసొచ్చింది.

ఇంగ్లీష్ చెప్పే మా తోటి టీచర్ల మధ్య ఎప్పుడూ నలిగే ప్రశ్నే ఇది. క్లాసులో తెలుగు అసలు వినపడకూడదని కొందరు, తెలుగులో చెప్పకపోతే పల్లెటూరి పిల్లలకు ఎక్కదని కొందరు. మూడో దారి కూడా ఒకటి ఉంది. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడాలనే పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయలేం. భాషని నేర్చుకోవడం వేరు, భాష అబ్బడం వేరు అన్నాడు అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్. సూత్రాలు బట్టీపడితే వచ్చేది మొదటిది. మన పిల్లలకు తెలుగు వచ్చినట్టు, ఎవరూ పాఠం చెప్పకుండానే వచ్చేది రెండోది. చెవిన పడే మాట అర్థమవుతూ ఉండాలి, ఇప్పుడున్న స్థాయికి కాస్త పైన ఉండాలి, వినే పిల్లలో భయం ఉండకూడదు. అప్పుడు భాష దానంతటదే అబ్బుతుందని 1982లో వచ్చిన పుస్తకంలో ఆయన వివరంగా రాశాడు. వారానికి ఐదారు పీరియడ్లు తప్ప ఇంగ్లీష్ చెవిన పడే అవకాశం లేని మా పిల్లలకు ఆ కాసేపైనా ఇంగ్లీష్ వినిపించాలన్న వాదన న్యాయమైనదే.

కానీ ఆయన చెప్పినదాంట్లో 'అర్థమవుతూ ఉండాలి' అన్న ముక్కని చాలామంది వదిలేస్తారు. అర్థం కాని ఇంగ్లీష్ గంటసేపు విన్నా అది వాన చప్పుడే. ఈ పద్ధతికి కెనడాని ఉదాహరణగా చూపిస్తారు. క్యుబెక్ రాష్ట్రంలోని సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో 1965లో ఇంగ్లీష్ మాట్లాడే కుటుంబాల పిల్లలను మొదటి నుంచీ ఫ్రెంచ్‌లోనే చదివించారు, ఫలితం బాగా వచ్చింది. నిజమే. అయితే అది ఆ తల్లిదండ్రులు తామే పట్టుబట్టి తెచ్చుకున్న బడి. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు. మొదట్లో పిల్లలు ఇంగ్లీష్‌లో అడిగినా టీచర్‌కి అర్థమయ్యేది, వాళ్ల నోరు ఎవరూ నొక్కలేదు. మా స్కూల్లో చాలామంది నాన్నలు పని కోసం చెన్నైకో హైదరాబాద్‌కో వలస వెళ్లినవాళ్లు. అమ్మలు పొలం పనికో, జీడిపప్పు పరిశ్రమలోకో వెళ్తారు. ఇంటికెళ్లాక ఇంగ్లీష్ ముక్క అడగడానికి మనిషి లేడు. రెండూ ఒకటి కావు.

అక్కడ కూడా ఒక లోటు కనబడింది. అలా చదివిన పిల్లలకు ఫ్రెంచ్ వింటే బ్రహ్మాండంగా అర్థమయ్యేది గానీ, మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ వ్యాకరణం తప్పులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. వినడం ఒక్కటే చాలదు, పిల్లలు సొంతంగా వాక్యం కట్టాల్సిన అవసరం కూడా రావాలని కెనడా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో రాసింది ఆ పిల్లలను చూసే.

ఇక మన టౌన్లలో ఈ పద్ధతి పేరుతో జరుగుతున్నది చూస్తే బాధేస్తుంది. మా చెల్లెలి కూతురు చదివే స్కూల్లో తెలుగు మాట దొర్లితే ఫైన్. ఆ పిల్ల ఇంట్లో వసపిట్టలా వాగుతుంది, స్కూల్లో పెదవి విప్పదట. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు మొదట కొన్నాళ్లు మౌనంగా వినడం సహజం. కానీ భయంతో వచ్చిన మౌనం అది కాదు. దాంట్లో వినడం కూడా ఆగిపోతుంది.

రెండోది వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పడం. మనలో ఎక్కువమంది చేసేది ఇదే, నేనూ ఏళ్ల తరబడి చేసిందిదే. దీని మంచి ఏమిటంటే పాఠంలో కథ పిల్లలకు తెలుస్తుంది, ఎవరూ బెదిరిపోరు, పరీక్షలో ప్రశ్నకి జవాబు గుర్తుపెట్టుకుంటారు. కానీ వెనకాలే తెలుగు వస్తుందని తెలిసిన పిల్ల ముందొచ్చే ఇంగ్లీష్‌ని ఎందుకు వింటుంది? నా రికార్డింగ్‌లో ఆ తేడా వినపడింది. నేను ఇంగ్లీష్ వాక్యం చదువుతున్నంతసేపూ బెంచీల చప్పుడు, గుసగుసలు. తెలుగు ఎత్తుకోగానే నిశ్శబ్దం. తెలుగు వినడానికి పిల్లలు సిద్ధంగా ఉన్నారు, ఇంగ్లీష్ వాళ్లకు మధ్యలో వచ్చే అడ్డం. మూడు పద్ధతుల్లో భాష అబ్బడానికి అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది ఇదే అని నా అభిప్రాయం. ఇది రెండు భాషల్నీ వాడినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి పిల్లలు వింటున్నది ఒక్క భాషే.

మూడోది, తెలుగుని కొన్ని చోట్లకే ఉంచడం. ఏ చోట్ల అన్నదే ఇక్కడ అసలు సంగతి. రోజువారీ మాటలకు తెలుగు అక్కర్లేదు. డస్టర్ చేత్తో పట్టుకుని "క్లీన్ ద బోర్డ్ ప్లీజ్" అంటే సైగ ఉంది, వస్తువు ఉంది, చేసేవాళ్లు ఉన్నారు, అర్థం కళ్ల ముందే ఉంది. "హూ ఈజ్ యాబ్సెంట్ టుడే?", "ఓపెన్ ద విండో", "డిడ్ యూ ఈట్ ద ఎగ్?" ఇవన్నీ అంతే. ఏడాదిలో రెండొందల రోజులు విన్న మాట పిల్లల నోటికి వచ్చి తీరుతుంది. ఇంత తేలిగ్గా అబ్బే ఇంగ్లీష్‌ని మనం తెలుగుకి ఇచ్చేసి, పద్యంలో భావాన్నీ టెన్సుల తేడానీ ఇంగ్లీష్‌లో చెప్పబోతున్నాం.

మరి తెలుగు కావాల్సింది ఎక్కడ? రెండు భాషలు వాక్యం కట్టే తీరు వేరైన చోట. నాకు బాగా పనికొచ్చిన పాఠం ఒకటి చెబుతాను. "నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరంగా ఉంది, నాకు తెలుసు, నాకు కావాలి, నాకు మామిడిపండు ఇష్టం, నాకు అన్నయ్య ఉన్నాడు." ఈ ఆరూ బోర్డు మీద తెలుగులోనే రాశాను. ప్రతి దాంట్లో 'నాకు' కింద గీత గీయించాను. వీటిలో ఏదీ మనం చేసే పని కాదు, మనకు కలిగేది, మనకు ఉండేది. అందుకే తెలుగు 'నేను' అనదు. ఇంగ్లీష్ ఆ తేడా పట్టించుకోదు, అన్నిటికీ 'ఐ' అంటుంది. ఐ యామ్ హంగ్రీ, ఐ హావ్ ఫీవర్, ఐ నో, ఐ వాంట్, ఐ లైక్ మ్యాంగోస్, ఐ హావ్ యాన్ ఎల్డర్ బ్రదర్. పది నిమిషాలు పట్టింది. "టు మీ బ్రదర్ ఈజ్ దేర్" అని రాసే పిల్లలకు తాము ఎందుకలా రాస్తున్నారో మొదటిసారి తెలిసింది. ఇదే సంగతి ఇంగ్లీష్‌లో చెప్పి ఉంటే ముగ్గురికి కూడా ఎక్కేది కాదు. "మేడం, అయితే తెలుగే కరెక్టు కదా" అన్నాడొక అబ్బాయి. ఆ రోజంతా నాకు సంతోషంగా ఉంది. రెండు భాషల్ని ఎదురెదురుగా పెట్టి ఆలోచించడం వాడికి వచ్చేసింది మరి.

'వి' కూడా అలాంటిదే. తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. ఎదుటివాళ్లని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీష్‌లో రెంటికీ ఒకటే మాట. ఇది ఒక్క నిమిషం పని.

మా వైపు మాటలో ఇంకో వాటం ఉంది. హోమ్‌వర్క్ అయిందా అంటే "చేసీసాం మేడం" అంటారు పిల్లలు. "నిన్న చేశాం" అనేదానికీ, "చేసీసాం" అనేదానికీ తేడా వాళ్లకు పుట్టుకతో తెలుసు. రెండోదాంట్లో పని పూర్తయిపోయింది, ఇప్పుడు మిగిలిందేమీ లేదన్న భావం ఉంది. "వి హావ్ ఫినిష్డ్ ఇట్" చెప్పేటప్పుడు దీన్ని పట్టుకుంటాను. రెండూ అచ్చంగా ఒకటి కావు, ప్రతిచోటా సరిపోవు. అయినా టైమ్ లైన్లు, సూత్రాలు గీసి చెప్పిన దానికంటే ఈ దారిన తొందరగా అందుకుంటారు.

తెలుగులో ఎంత చెప్పినా ఉపయోగం లేనివీ ఉన్నాయి. 'హి గోస్'లో చివరి 'స్' అలాంటిది. ప్రతి ఏడూ చెబుతాం, ప్రతి ఏడూ మర్చిపోతారు. తెలివి తక్కువై కాదు. తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది అని ప్రతి మనిషికీ క్రియ మార్చే పిల్లలకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. ఇంగ్లీష్ ఇంటి భాషగా ఉన్న చిన్నపిల్లలకు కూడా 'గోయింగ్'లో 'ఇంగ్' ముందొచ్చి, ఈ 'స్' బాగా ఆలస్యంగా వస్తుందని అమెరికా మనస్తత్వవేత్త రోజర్ బ్రౌన్ 1973లో చూపించాడు. స్పానిష్, చైనీస్ ఇళ్ల నుంచి వచ్చి ఇంగ్లీష్ నేర్చుకునే పిల్లల్లో కూడా 'ఇంగ్' ముందు రావడం, ఈ 'స్' వెనకబడటం కనిపించింది. దానికి టైమ్ వచ్చేదాకా వినిపిస్తూ ఉండటమే మన పని. "మై ఫాదర్ గో టు చెన్నై" అన్న పిల్లని నిలబెట్టి సూత్రం అడిగితే, మళ్లీ తన తండ్రి గురించి మాట్లాడదు. "ఓ, యువర్ ఫాదర్ గోస్ టు చెన్నై? వెన్?" అంటాను. ఇలా సరిచేసి అంటే చాలామంది పిల్లలు ఆ సవరణని పట్టుకోరని లిస్టర్, రాంటా అనే పరిశోధకులు 1997లో రాశారు. అది నేనూ చూశాను. అందుకే రాతలో గీత గీస్తాను, మాటలో మాత్రం గీయను.

తెలుగు అన్నాం గానీ, ఏ తెలుగు? ఇది మన ఉత్తరాంధ్రలో తప్పించుకోలేని ప్రశ్న. "సెప్పండి మేడం" అన్న పిల్లని ముందు తెలుగే సరిచేసి, తర్వాత ఇంగ్లీష్ మాట్లాడమంటే ఆ పిల్ల రెండుసార్లు ఓడిపోయినట్టు. నా క్లాసులో 'ఏటి' అన్నా 'ఏమిటి' అన్నా ఒకటే. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇంటి భాషగా ఉన్న పిల్లలున్నారు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర పిల్లలున్నారు. వాళ్లకు క్లాసులో తెలుగే రెండో భాష, ఇంగ్లీష్ మూడోది. టీచర్ తెలుగులో చెప్పింది కాబట్టి అర్థమైపోయిందని అక్కడ అనుకోవడానికి లేదు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారికి ఇది నూరేళ్ల కిందటే తెలుసు. ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బళ్లు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీష్ నిఘంటువు వెలువరించారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్నే మనం ఎక్కువ తలుచుకుంటాం. టీచర్‌గా నాకు మాత్రం, ముందు పిల్ల భాష తాను నేర్చుకుని తర్వాత పాఠం చెప్పిన మనిషిగానే ఆయన ఎక్కువ గుర్తొస్తారు.

సైన్సు, సోషల్ చెప్పేవాళ్లకు లెక్క కొంచెం వేరు. జిమ్ కమ్మిన్స్ అనే పరిశోధకుడు కెనడాలో వలస పిల్లల్ని చూసి చెప్పిన మాట వాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఆటస్థలంలో మాట్లాడే భాష రెండేళ్లలో వచ్చేస్తుంది, పాఠంలో ఆలోచించే భాషకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. చకచకా మాట్లాడే పిల్లకి పాఠం అర్థమవుతోందని మోసపోకూడదు. ఒక భాషలో గట్టిగా అర్థమైన విషయం రెండో భాషలోకి నడిచొస్తుందని కూడా ఆయనే చెప్పాడు. ఆకు ఎండలో ఆహారం ఎలా తయారు చేసుకుంటుందో తెలుగులో తెలిసిన పిల్లకి ఇంగ్లీష్‌లో కొత్తగా కావాల్సింది మాటలే. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న మన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇందుకు చక్కగా పనికొస్తాయి. ముందు తెలుగు పేజీ చదివించి పుస్తకం మూయించి, తర్వాత ఇంగ్లీష్ పేజీ తీయించాలి. రెండూ ఒకేసారి తెరిచి ఉంటే కన్ను తెలుగు వైపే పోతుంది.

అన్నీ చూశాక నా మొగ్గు మూడో దానికే. ఒకటీ రెండూ తరగతుల్లో మాత్రం ఇంగ్లీష్ ఆటలు, పాటలు, సైగలతో మొదటి పద్ధతికి దగ్గరగా వెళ్లొచ్చు, పిల్ల తెలుగులో జవాబిస్తే ఒప్పుకోవాలి, అంతే. పదో తరగతి చివరి మూడు నెలల్లో పరీక్ష టెన్షన్‌లో రెండో పద్ధతికి జారిపోయే టీచర్‌ని నేను తప్పుపట్టను, నేనూ జారిపోతాను.

ఈ జూన్‌లో బడి తెరవగానే మొదటి వారం పాఠం జోలికి పోలేదు. క్లాసులో తెలుగులో అనే మాటలు ఇరవై ఏరి, అవన్నీ ఇంగ్లీష్‌లోకి మార్చుకుని, అవే అన్నాను. పిల్లలు ఏ భాషలో జవాబు చెప్పినా తీసుకున్నాను. ఆగస్టులో ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి ఖాళీ ప్లేటు చూపించి, "మేడం, ఎగ్ నాట్ కమ్. ఐ వాంట్" అంది.

"ఓ, యూ డిడ్ నాట్ గెట్ ఎ ఎగ్?" అనబోయి, 'యాన్ ఎగ్' అని నన్ను నేను దిద్దుకుని, గుడ్డు తెచ్చి ప్లేటులో పెట్టాను.