మోటౌనా, స్టాక్సా: సోల్ పాటల్లో ఏది మేలు?

సోల్ పాటలు, అంటే 1960ల్లో ఊపందుకున్న అమెరికా నల్లవాళ్ల పాటలు, వినే అలవాటున్న ఇద్దరు కలిస్తే కాసేపటికి ఈ గొడవ రాక తప్పదు. రెండు రికార్డు కంపెనీల్లో డెట్రాయిట్ మోటౌన్ గొప్పదా, మెంఫిస్ స్టాక్స్ గొప్పదా? రెండూ ఇష్టమే అని తప్పించుకోవచ్చు గానీ అలాంటివాళ్లతో వాదించడంలో మజా లేదు. నా ఓటు స్టాక్స్‌కే. అలాగని మోటౌన్‌ని తీసిపారేయలేను, కొన్ని చోట్ల స్టాక్స్ దాని దరిదాపులకి కూడా రాదు.

మోటౌన్ పెట్టింది బెర్రీ గోర్డీ, 1959లో, ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని. అంతకుముందు ఆయన కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేశాడు, అదే పద్ధతి పాటలకీ పెట్టాడు. రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు, అందరి పనీ అయ్యాక ఏ పాట మార్కెట్లోకి వెళ్లాలో తేల్చడానికి ప్రతి వారం ఒక మీటింగు. ఎలా నడవాలి, ఎలా కూర్చోవాలి అని గాయనీ గాయకులకి నేర్పడానికి మ్యాక్సిన్ పావెల్ అనే ఆవిడ, స్టెప్పులు నేర్పడానికి చోలీ అట్కిన్స్. వినడానికి కాస్త అతిగా అనిపిస్తుంది గానీ నల్లవాళ్ల పాటని తెల్లవాళ్ల ఇళ్లలోని టీవీల దాకా తీసుకెళ్లాలని కంకణం కట్టుకున్న మనిషి ఆయన, తీసుకెళ్లాడు కూడా. 1964, 65ల్లో మోటౌన్ అమ్మాయిల బృందం సుప్రీమ్స్ పాడిన పాటలు వరసగా అయిదు అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్లాయి.

స్టాక్స్‌కి ఇంత ప్లానింగు లేదు. జిమ్ స్టీవర్ట్, ఎస్టెల్ ఆక్స్‌టన్ అనే తెల్లజాతి అక్కాతమ్ముళ్లు మెంఫిస్‌లో మూతపడ్డ ఒక సినిమా హాలు అద్దెకి తీసుకున్నారు. సీట్లు పీకేశారు, నేల వాలు మాత్రం అలాగే ఉండిపోయింది, ఆ వాలు నేల మీదే రికార్డింగు. హాలు ముందు భాగంలో ఎస్టెల్ రికార్డుల షాపు నడిపేది, కొత్త పాట తయారైతే షాపుకొచ్చిన కుర్రాళ్లకి వినిపించి వాళ్ల మొహాలు చూసేది. మోటౌన్ వారం వారం మీటింగు పెట్టి తేల్చుకున్నది ఇక్కడ కౌంటరు దగ్గరే తేలిపోయేది! నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చుని తినడమే కష్టమైన ఊళ్లో, ఇద్దరు నల్లవాళ్లూ ఇద్దరు తెల్లవాళ్లూ ఉన్న బ్యాండు ఆ హాల్లో రోజూ కలిసి వాయించింది. బుకర్ టి. అండ్ ది ఎంజీస్ అంటే వాళ్లే.

సరే, అసలు సంగతి పాట కదా. మోటౌన్ నుంచి ‘మై గర్ల్’ తీసుకోండి, టెంప్టేషన్స్ బృందం పాడింది, 1964. ముందు బేస్ గిటార్ ఒక్కటే వస్తుంది, తర్వాత గిటార్ మెట్లెక్కుతున్నట్టు పైకి పోతుంది, వేళ్లతో చిటికెలు, ఆ తర్వాతే డేవిడ్ రఫిన్ గొంతు. ఏదీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. రాసిన స్మోకీ రాబిన్సన్‌కి ఎక్కడ ఆపాలో తెలుసు.

ఇప్పుడు ఓటిస్ రెడింగ్ 1966లో స్టాక్స్‌లో పాడిన ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’. ఇది నిజానికి 1932 నాటి పాట, ఒద్దికగా పాడుకునే ప్రేమ పాట. ఓటిస్ కూడా అలాగే మొదలుపెడతాడు, దాదాపు బతిమాలుతున్నట్టు. కాసేపటికి అల్ జాక్సన్ డ్రమ్ము అంచు మీద టిక్ టిక్ మంటూ లెక్క మొదలుపెడతాడు. ఆ టిక్ టిక్ అలా సాగుతూనే ఉంటుంది, పియానో చేరుతుంది, గిటార్ చేరుతుంది, హార్న్స్ (ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటివి) చేరతాయి, చివరికొచ్చేసరికి ఓటిస్‌కి మాటలు అయిపోయి వట్టి అరుపులూ ముక్కలూ మిగులుతాయి, గొంతు జీరపోతుంది, అయినా ఎవరూ ఆపలేదు. మోటౌన్‌లో అయితే ఆ జీరని మళ్లీ పాడించి సరిచేసేవాళ్లేమో అని నా అనుమానం. స్టాక్స్‌లో బ్యాండూ గాయకుడూ ఒకే గదిలో ఒకేసారి కానిచ్చేవాళ్లు, హార్న్స్ ఏం వాయించాలో ఓటిస్ నోటితో పాడి వినిపించేవాడు. ఇంకో చిన్న కిటుకు కూడా ఉంది: జాక్సనూ, గిటార్ వాయించే స్టీవ్ క్రాపరూ నాలుగు దెబ్బల తాళంలో రెండో దెబ్బనీ నాలుగో దెబ్బనీ ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా వేసేవాళ్లు. ఆ ఆలస్యంలోనే ఉంది స్టాక్స్ మత్తంతా.

మరి స్టాక్స్ ఎక్కడ ఓడుతుంది? మొదటిది బేస్. స్టాక్స్‌లో బేస్ వాయించిన డక్ డన్ మంచి వాద్యకారుడే గానీ మోటౌన్‌లో ఉన్నది జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదాంతోనే తీగ మీటుతూ పాట కింద ఇంకో పాట నడిపేవాడు. అంతటి మనిషి పేరు మోటౌన్ రికార్డు కవర్ల మీద ఏళ్ల తరబడి లేదు, 1971లో మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీదే మొదటిసారి పడింది. ఈ ఒక్క విషయంలో గోర్డీ మీద నాకు కోపం పోదు, స్టాక్స్ తన బ్యాండుని సొంత పేరుతో హిట్లు ఇవ్వనిచ్చింది మరి.

రెండోది ఆడగొంతులు. స్టాక్స్‌లో కార్లా థామస్ ఉంది, తర్వాత స్టేపుల్ సింగర్స్‌తో మేవిస్ వచ్చింది, కానీ డయానా రాస్, మార్తా రీవ్స్, గ్లాడిస్ నైట్ ఉన్న ఇంటితో పోటీ ఎక్కడ.

మూడోది వ్యాపారం, ఇక్కడ మాటలు అనవసరం. మోటౌన్ 1988లో 61 మిలియన్ డాలర్లకి అమ్ముడుపోయింది. స్టాక్స్ మాత్రం తన రికార్డులు పంపిణీ చేసే అట్లాంటిక్ అనే కంపెనీతో రాసుకున్న కాంట్రాక్టులోని ఒక షరతు వల్ల 1968లో తన పాత రికార్డింగుల హక్కులు పోగొట్టుకుంది, 1975 చివర్లో దివాలా తీసింది.

మీరు సోల్‌కి కొత్తయితే మోటౌన్‌తోనే మొదలుపెట్టండి. సినిమా పాటల్లో పల్లవి కోసం ఎదురుచూసి పెరిగిన చెవి మనది, అవి చప్పున ఎక్కుతాయి. కారు రేడియోలో ఎలా వినిపిస్తుందో చూసుకుని మరీ చేసిన పాటలు, ఫోన్ స్పీకర్లో కూడా చెడవు. స్టాక్స్‌కి ఇయర్‌ఫోన్స్ కావాలి, కాస్త ఓపిక కావాలి.

సోల్ మహాగాయని అరీథా ఫ్రాంక్లిన్ ఏ పార్టీ అని అడుగుతారు చాలామంది. ఏ పార్టీ కాదు. పుట్టింది మెంఫిస్‌లో, పెరిగింది డెట్రాయిట్‌లో, పేరొచ్చింది మాత్రం అట్లాంటిక్‌లో పాడిన పాటలకి. ఓటిస్ 1965లో రాసి పాడిన ‘రెస్పెక్ట్’లో సంపాదించి ఇంటికొచ్చే మగవాడు మర్యాద ఇవ్వమంటాడు. 1967లో అరీథా అదే పాట ఆడదాని వైపు నుంచి అందుకుని, ఆ మాటని అక్షరం అక్షరం విడగొట్టి అడిగేసరికి, అది బతిమాలడం కాస్తా నిలదీయడం అయిపోయింది. ఆ ఏడాది కాలిఫోర్నియాలో జరిగిన మాంటెరే పాటల పండగలో ఓటిస్ స్టేజీ మీదే నవ్వుతూ ఒప్పుకున్నాడు, ఆ పాటని ఒకమ్మాయి తన దగ్గర్నుంచి లాక్కుపోయిందని.