ఎక్స్‌పీ మెషీన్‌కి 3 టీబీ డ్రైవ్: ఆరేళ్లు వాడాక

మాది పెళ్లి వీడియోల స్టూడియో. ఇప్పటికీ ఒక మూల విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ నడుస్తూనే ఉంది. మినీడీవీ క్యాసెట్లు ఎక్కించే మా క్యాప్చర్ కార్డుకి ఎక్స్‌పీ తర్వాత డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) రాలేదు, అంతే కారణం. 2014 ఏప్రిల్‌లో అప్‌డేట్లు ఆగిపోయినప్పుడే దాని నెట్ వైరు పీకేశాను. గంట క్యాసెట్ ఎక్కిస్తే సుమారు 13 జీబీ. పెళ్లికి ఏడెనిమిది క్యాసెట్లు. చోటు ఎంతున్నా చాలదు.

మొదట లోపల బిగించే 3 టీబీ సాటా డ్రైవ్ తెచ్చాను. బిగించి చూస్తే 746 జీబీ! షాపు కుర్రాణ్ణి నాలుగు మాటలు కూడా అన్నాను, పాపం. అతని తప్పేం లేదు. డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసుకోవడానికి ఎక్స్‌పీ వాడే ఎంబీఆర్ పద్ధతిలో, సెక్టారు (డేటా ఉండే చిన్న గది) నంబరు రాయడానికి 32 బిట్లే చోటు. సెక్టారుకి 512 బైట్లు వేసుకుంటే 2.2 టీబీ దగ్గర అంకెలు అయిపోతాయి. ఆపైన పాత స్కూటర్ మీటరు తిరగబడ్డట్టు మళ్లీ సున్నా నుంచి మొదలు. నాకు కనబడిన 746 ఆ రెండో చుట్టులోది. పోనీ విండోస్ 7లో జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి మార్చి తెస్తే, నా 32 బిట్ ఎక్స్‌పీ దాన్ని ముట్టుకోనే లేదు.

తర్వాత యూఎస్‌బీ డబ్బాలో వచ్చే 3 టీబీ కొన్నాను. పెట్టగానే 2.72 టీబీ, విండోస్ లెక్కలో 3 టీబీ అంటే అంతే, మొత్తం కనబడింది. కిటుకంతా డబ్బాలో ఉండే చిన్న బోర్డుది. సెక్టారంటే 4096 బైట్లని అది ఎక్స్‌పీకి చెబుతుంది. నంబర్లు అవే, గదులు ఎనిమిది రెట్లు పెద్దవి.

స్పీడు గురించి ఆశ పెట్టుకోవద్దు. యూఎస్‌బీ 2లో నాకు సెకనుకి 30 ఎంబీ దాటలేదు, ఒక టీబీ మార్చాలంటే రాత్రంతా వదిలేయాల్సిందే. డబ్బాకి వచ్చే కరెంటు పోయిందా, మూలన 'డిలేడ్ రైట్ ఫెయిల్డ్' (రాయాల్సింది రాయలేకపోయాను) అని పసుపు బుడగ. అప్పుడు డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ పెట్టి ఇంటికెళ్లి పడుకోవడమే. యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి.

అసలు టెన్షన్ ఐదో ఏడు వచ్చింది. డబ్బా బోర్డు పోయింది. డిస్కు బాగానే ఉంది కదా అని విప్పి, విండోస్ 10 మెషీన్‌లో నేరుగా సాటాకి తగిలించాను. 'ఫార్మాట్ చేయమంటారా' అని అడిగింది. చేతులు చల్లబడిపోయాయి. అందులో ఒకాయన ఇచ్చిన క్యాసెట్లున్నాయి, అప్పగింతల్లో వాళ్ల నాన్నగారు కళ్లు తుడుచుకునే ముక్క కోసమే ఇచ్చాడు. ఆ నాన్నగారు ఇప్పుడు లేరు. అసలు క్యాసెట్‌కి అప్పటికే బూజు.

రెండు రోజులకి వెలిగింది. రాసింది 4096 లెక్కలో, ఇప్పుడు చదువుతున్నది 512 లెక్కలో. ఇంటి నంబరు సరైనదే, వీధి వేరు. అదే మోడల్ పాత డబ్బా ఒకటి వెతికి పట్టుకుని, దాని బోర్డుకి నా డిస్కు తగిలించాను. తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ ఉన్నాయి. ఆ రోజు ఫార్మాట్ నొక్కకపోవడం మా ఆవిడ పుణ్యం, "రేపు చూద్దురు గాని, ముందు అన్నం తినండి" అంది.

లోపల బిగించుకోవాలంటే 2 టీబీ దగ్గరే ఆగండి. అది కూడా ఎక్స్‌పీలో పార్టిషన్ చేయొద్దు, అంటే డిస్కుని భాగాలు చేయొద్దు. 63వ సెక్టారు నుంచి మొదలుపెడుతుంది, లోపల 4 కేబీ సెక్టార్లున్న కొత్త డిస్కులకి ఆ హద్దు కుదరదు, ఫొటోల ఫోల్డర్ కాపీ చేస్తే ఈడుస్తుంది. నేను విండోస్ 7లో పార్టిషన్ చేసి తెచ్చాను, ఆ ఈడుపు పోయింది.

ఇప్పుడు అదే మోడల్ డబ్బా ఇంకోటి బీరువాలో పెట్టాను. వాడుకలో ఉన్నదాని మీద స్కెచ్ పెన్నుతో 'విప్పొద్దు' అని రాశాను. పెళ్లి ముక్కలన్నీ విండోస్ 10 మెషీన్‌లోకి రెండో కాపీ అవుతున్నాయి, ఇంకా సగం మిగిలింది.