పాత్రకేం కావాలి? కూర్చుని తేల్చాలా, లేచి తేల్చాలా?

కర్నూలులో మేం కొత్త నాటకం మొదలుపెట్టిన ప్రతిసారీ ఈ వాదన వస్తుంది. స్క్రిప్ట్ ముందేసుకుని, ఏ సీనులో పాత్రకు ఏం కావాలో రాసుకున్నాకే లేవాలని కొందరంటారు. ముందు లేచి చెయ్యి, అదే తెలుస్తుందని ఇంకొందరు.

నిజానికి రెండు దారులూ ఒకే మనిషి వేసినవి. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ, మొదట్లో నటుల్ని బల్ల చుట్టూ రోజుల తరబడి కూర్చోబెట్టి నాటకాన్ని ముక్కలు చేయించేవారు. ఒక్కో ముక్కలో పాత్ర లక్ష్యం ఏమిటి, అన్నిటినీ నడిపే పెద్ద లక్ష్యం ఏమిటి అని. 1930ల్లో ఆయనే, నటులు సీను సందర్భం తెలుసుకుని, లేచి సొంత మాటలతో చేసి చూడాలన్నారు.

పద్య నాటకానికి నేను కూర్చోవడం వైపే. కాటి సీనే తీసుకోండి. హరిశ్చంద్రుడి వేషం వేస్తున్న కుర్రాణ్ణి "ఇక్కడ నీకేం కావాలి?" అని అడిగితే "ఏడవాలన్నా" అన్నాడు. ఏడుపు దానంతటదే వస్తుంది, అది కోరిక కాదు. అతనికి కావలసింది కాటి సుంకం. కాటి యజమాని వీరబాహుడికి చెందాల్సిన ఆ సొమ్ము శవాన్ని తెచ్చిన ఆడమనిషి దగ్గర వసూలు చేయాలి. ఆవిడ తన భార్య అని, ఆ బిడ్డ తన కొడుకని తెలిశాక కూడా ఆ కోరిక మారదు. సీను బలమంతా అక్కడే ఉంది. కుర్రాడు పద్యం పక్కన పెన్సిల్‌తో "సుంకం రాబట్టాలి" అని రాసుకున్నాడు. మర్నాడు రాగం తీయడం తగ్గింది, చూపు ప్రేక్షకుల మీద నుంచి చంద్రమతి మీదికి వచ్చింది. రాగం కంటే భావానికే పెద్దపీట వేసిన నటుడు బళ్ళారి రాఘవ 1880లో మన తాడిపత్రిలోనే పుట్టారని ఆ రోజు గుర్తొచ్చింది. పద్యంలో అక్షరం మార్చడానికి లేదు, హార్మోనియం అందుకున్నాక ఆలోచించే తీరికా ఉండదు. ముందే తేల్చుకోవాలి.

సాంఘిక నాటకంలో మాత్రం నా ఓటు రెండోదానికి. ఆమధ్య అనంతపురం శెనక్కాయల రైతు వేషం వేశాను. వాన లేక పంట పోయి, అప్పు కోసం బామ్మర్ది ఇంటికి పోతాడు. "అప్పు అడగాలి" అని రాసుకున్నాను. నాలుగు రిహార్సల్స్ అయినా సీను లేవలేదు. డైరెక్టర్ స్క్రిప్ట్ పక్కన పెట్టించారు. చేస్తుంటే నేను చెప్పులు విడవకుండా గడప దగ్గరే ఆగిపోయాను. "ఏం బావా, లోపలికి రా" అని బామ్మర్ది అంటే, నా నోట "లేదప్పా, పోతాండా" అని వచ్చింది. పోవాలని లేదు, కాళ్ళు కదలడం లేదు. తాను నోరు తెరవకముందే బామ్మర్దే అడగాలని ఆ మనిషి ఆశ! కూర్చుని ఎన్ని రోజులు చదివినా నాకు ఆ చెప్పులు దొరికేవి కావు.

ఈ పద్ధతికి టైమ్ ఎక్కువ పడుతుంది, రచయిత రాయనిది సీనులోకి దూరే ప్రమాదమూ ఉంది. ఉద్యోగాలు చూసుకుని సాయంత్రం వచ్చే మాలాంటివాళ్ళకు అది చిన్న విషయం కాదు. అందుకే మొదటి రెండు సాయంత్రాలు కూర్చుంటాం, రాసుకుంటాం, ఆ తర్వాత లేస్తాం. రాసేది ఎదుటి మనిషి మీద చేసే పనిగా ఉండాలి: "ఆమెను ఆపాలి", "అతన్ని ఒప్పించాలి". "బాధగా ఉండాలి" అని రాస్తే చేయడానికి ఏమీ ఉండదు.

నా స్క్రిప్ట్‌లో ఆ సీను పక్కన "అప్పు అడగాలి" చెరిపేసి, "ఎంత కావాలి బావా అని అతనితోనే అనిపించాలి" అని రాసుకున్నాను.