బెంగళూరులో పూలున్న ఆర్కిడ్ కొనేముందు వేర్లు చూడండి, లేబుల్ లేని "ఆర్కిడ్ మందు" మాత్రం అస్సలు కొనొద్దు

బెంగళూరులో మొక్కల పిచ్చి ఉన్న మనోళ్ళందరికీ చెప్తున్నా. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, సర్జాపూర్ రోడ్ వైపు అపార్ట్‌మెంట్లలో శని ఆదివారాలు స్టాల్ పెట్టి, వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టి "ఇంపోర్టెడ్ ఫెలనాప్సిస్" (అదో రకం ఆర్కిడ్) అని అమ్ముతుంటారు కదా, అందరూ అలాంటోళ్ళే అనట్లేదు గానీ నాకు తగిలినాయన మాత్రం మొక్కతో ఒకసారి, మందుతో ఇంకోసారి టోపీ పెట్టబోయాడు. పేరు రాయట్లేదు, ఎలాగూ స్టాల్ పేరు మార్చుకుని వస్తారు, వాళ్ళ పద్ధతి తెలిస్తే చాలు.

ముందు మొక్క సంగతి. ఒక్కోటి 900 పెట్టి రెండు తీసుకున్నా, ఒకటి తెలుపు ఒకటి వంగపండు రంగు, రెండూ నిండా పూలు. ఆర్కిడ్‌తో తిరకాసు ఇక్కడే ఉంది, లోపల వేర్లు కుళ్ళిపోతున్నా పూలు చాలా రోజులు అలాగే నిలబడతాయి, ఆకులు దళసరిగా ఉంటాయి కదా వాటిల్లో దాచుకున్న నీళ్ళతోనే మొక్క నెట్టుకొస్తుంది, అందుకని పూలు చూసి మొక్క బాగుందనుకోడానికి లేదు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే తెల్లదానికి కింది ఆకు మొదట్లో నల్లగా నీరు పట్టినట్టు మచ్చ వచ్చింది, చుట్టూ పసుపు అంచు, అది ఆకు కొసకి పోకుండా మొక్క నడిమధ్యకి పాకింది, ముట్టుకుంటే ఆకు ఊడి చేతిలోకొచ్చింది.

కుండీలోంచి తీసి చూస్తే అసలు కథ బయటపడింది. పైన కనిపించే మాస్ (మట్టి బదులు కుండీలో కూరే ఎండు నాచు) కొత్తది, శుభ్రంగా ఉంది. దాని లోపల, మొక్క పిల్లగా ఉన్నప్పుడు పెంచిన చిన్న ప్లాస్టిక్ బుట్ట అలాగే ఉంది, అందులో గట్టిగా కూరేసిన పాత మాస్, పిండితే నీళ్ళు కారుతున్నాయి, బూజు కంపు. బుట్ట తియ్యకుండా చుట్టూ కొత్త మాస్ కప్పేసి, అడుగున కన్నం కూడా లేని పింగాణీ కుండీలో దించేశారు. వేరు పట్టుకుని లాగితే పై తొక్క జారిపోయి లోపల దారం పోగులా మిగిలింది. బతికున్న వేరు గట్టిగా ఉంటుంది, తడిస్తే పచ్చగా, ఆరితే వెండి రంగుకి వస్తుంది. ఇవన్నీ బ్రౌన్‌గా, మెత్తగా. ఇంత కుళ్ళు మా ఇంటికొచ్చాక మొదలైంది కాదు, ఆ పాత మాస్ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఫోటోలు పంపిస్తే జవాబేంటో తెలుసా, "మేడం మీరు నీళ్ళు ఎక్కువ పోశారు" అని. కన్నం లేని కుండీ ఇచ్చింది ఎవరంట?

డబ్బులు వెనక్కివ్వడం కుదరదన్నాడు. దాని బదులు "మా దగ్గర ఆర్కిడ్ స్పెషల్ ఫంగిసైడ్ ఉంది, 350, ఏ రోగానికైనా ఇదే" అని ఒక జిప్ కవర్ తీశాడు (ఫంగిసైడ్ అంటే ఫంగస్ తెగుళ్ళకి కొట్టే మందు). అందులో తెల్ల పొడి, పైన మార్కర్‌తో "లీటరుకి ఒక స్పూన్" అని రాసుంది, అంతే. ఏ స్పూనో, అందులో ఏముందో దేవుడికెరుక. ఇందులో మందు పేరేంటండీ అనడిగితే మొహం మాడ్చుకున్నాడు. నేను కొనలేదు గానీ మా కింద ఫ్లోర్ అమ్మాయి అప్పటికే కొనేసి, తలుపులేసి ఏసీ పెట్టుకున్న హాల్లోనే స్ప్రే కొట్టేసింది, ఇంట్లో పాకే పాప ఉంది. నాకు అసలు కోపం వచ్చింది అక్కడ.

చాలామందికి తెలీని విషయం, మొక్కల ఫంగిసైడ్ కూడా చట్టం దృష్టిలో పురుగుల మందు లెక్కే, 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ యాక్ట్ కిందకే వస్తుంది. ప్యాకెట్ మీద మందు అసలు పేరు, ఎంత శాతం, రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, విషం ఎంత ఘాటో చెప్పే రంగు గుర్తు (ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ) ఉండి తీరాలి. కవర్లో కట్టి విడిగా అమ్మడానికి లేదు. కె.ఆర్. మార్కెట్ వైపు ఏ విత్తనాలు, మందుల షాపుకెళ్ళినా సాఫ్ (ఒక ఫంగిసైడ్ బ్రాండ్) లాంటిది చిన్న సీల్డ్ ప్యాకెట్ ఇందులో సగం ధర కూడా ఉండదు, పైగా అందులో కార్బెండజిమ్ 12 శాతం, మాంకోజెబ్ 63 శాతం అని స్పష్టంగా రాసుంటుంది.

ఇక "ఏ రోగానికైనా ఇదే" అన్న మాట. మా మొక్కని జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ యూనివర్సిటీ) చదువుకున్న తెలిసినాయన ఒకాయన చూసి, ఇది బ్లాక్ రాట్ అనే నల్ల కుళ్ళు తెగులులా ఉందన్నారు. దాన్ని తెచ్చేవి పిథియం, ఫైటోఫ్తోరా, వీటిని మనం ఫంగస్ అనేస్తాం గానీ నిజానికి నీళ్ళలో పెరిగే నాచు (ఆల్గే) జాతికి దగ్గర చుట్టాలు. వీటి బీజాలు నీళ్ళలో ఈదుతూ పోతాయి, అందుకే ఒకే ట్రేలో నాలుగు కుండీలు పెట్టి కింద నీళ్ళు నిలవుంచితే ఒకదాని నుంచి అన్నిటికీ అంటుకుంటుంది. ఒట్టి కార్బెండజిమ్ ఎంత కొట్టినా వీటి మీద పనిచెయ్యదు, మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిపిన మందు కావాలి. ఆకు మెత్తబడి నీళ్ళు కారుతూ కుళ్ళు కంపు కొడుతుంటే అది బ్యాక్టీరియా అయ్యుండే ఛాన్స్ ఎక్కువ, దానికి మామూలు ఫంగిసైడ్లేవీ పనికిరావు. పూల రేకుల మీద సన్న చుక్కలొస్తే బోట్రైటిస్ అనే బూజు తెగులు, దానికి మందుకన్నా ముందు గాలి కావాలి. కాపర్ మందులు డెండ్రోబియం అనే ఇంకో రకం ఆర్కిడ్‌కి పడవు, మొక్క మాడుతుంది. దాల్చినచెక్క పొడి ఆకు కోసిన చోట అద్దొచ్చు, వేర్ల మీద మాత్రం చల్లకండి, ఉన్నవి కూడా ఎండిపోతాయి.

తెల్లది దక్కలేదు, కుళ్ళు నడిమొగ్గలోకి దిగిపోయింది. రెండోదాని బుట్ట పీకేసి, చచ్చిన వేర్లన్నీ మంచి భాగం కనిపించేదాకా కోసి (ప్రతి కోతకీ బ్లేడు మంట మీద కాల్చాలి), బెరడు ముక్కలు, బొగ్గు కలిపి కన్నాలున్న కుండీలో పెట్టి, బాల్కనీలో గ్లౌజులు, మాస్క్ వేసుకుని ప్యాకెట్ మీదున్న మోతాదులోనే మందు కొట్టా, కొత్త వేరు ఒకటి తొంగి చూస్తోంది. పాత మాస్ మళ్ళీ వాడకండి, చెత్తలో పారెయ్యండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా మన దగ్గర ముసురు, కిటికీలు మూసేస్తాం, ఆ టైంలో చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి పొద్దున్నే నీళ్ళు పోసి, నడిమధ్య నీళ్ళు నిలిస్తే టిష్యూతో అద్దేస్తే చాలావరకు మందు అవసరమే రాదు.

కొనేటప్పుడు లోపల ఉన్న కుండీ బయటికి తీసి చూపించమనండి, వేర్లు కనిపించే ప్లాస్టిక్ కుండీ అయితే ఇంకా నయం. ఆకుల మొదళ్ళు వేలితో నొక్కండి, మాస్ వాసన చూడండి. మొహమాటపడొద్దు, 900 మనవి. బిల్లు అడగండి, ఇచ్చాక గొడవైతే 1915కి ఫోన్ చెయ్యొచ్చు, అది కన్స్యూమర్ హెల్ప్‌లైన్, నాకు బిల్లే ఇవ్వలేదు కాబట్టి నా కేసు కష్టమే. తెచ్చిన మొక్కని రెండు మూడు వారాలు పాతవాటికి దూరంగా పెట్టండి. ఆయన ఇప్పుడు కె.ఆర్. పురం వైపు స్టాల్ పెడుతున్నాడని విన్నా, కవర్లో పొడి అమ్మేవాళ్ళు కనిపిస్తే మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళకి చెప్పండి, పాత మాస్, వేర్ల ఫోటోలు నా దగ్గరున్నాయి, అడిగితే పంపిస్తా.