ఆంకిలోసారస్ బొమ్మ: తోక చూసి కొనండి

డైనోసార్ల పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేతుల్లో పెట్టడానికి ఆంకిలోసారస్ అనే ఈ కవచపు డైనోసార్ బొమ్మ కొన్నాను. గట్టి ప్లాస్టిక్, లోపల బోలు లేదు, చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. నేను చూసిన ఆంకిలోసారస్ బొమ్మల్లో తోకను సరిగ్గా చేసింది ఇదొక్కటే.

మిగతావాటిలో తోకంతా పాములా మెలికలు తిరిగి, కొసన ఓ బంతి వేలాడుతుంది. ఇందులో తోక మొదటి సగమే వంగి ఉంది, రెండో సగం తిన్నగా బిగిసి ఉంది. అసలు జంతువుకూ అంతే, దాని తోక గదలాంటి ఆయుధం. తోక చివరి వెన్నుపూసలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కదలకుండా అయిపోతాయి. అది గదకు పిడి. చర్మంలో పెరిగిన ఎముక బిళ్లలు కొసన ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అది గద తల. ఊపంతా తోక మొదట్నుంచి వస్తుంది, అదీ పక్కలకే. పెద్ద గద దెబ్బకు ఎదుటి జంతువు ఎముక విరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ దెబ్బలు వేటాడే జంతువులకే కాదు, తమలో తమకూ తగిలేవట! దీని చుట్టం జూల్ శిలాజంలో నడుము పక్కల ముళ్లు విరిగి మానిన గుర్తులున్నాయని 2022లో ప్రచురించారు.

వీపు మీది బిళ్లలు బాగున్నాయి. మెడ దగ్గర అర్ధచంద్రాకారపు పట్టీలు కూడా మరచిపోలేదు.

బోర్లా తిప్పితేనే బాధ. పొట్ట నిండా పలకలే. ఈ జంతువుకు కవచం పైన, పక్కల ఉండేది, పొట్ట మెత్తన. "నువ్వు టైరానోసారస్‌వైతే ఎక్కడ కొరుకుతావు?" అని పిల్లల్ని అడిగేది ఆ పొట్ట చూపించడానికే. చివరికి ఉప్పుకాగితంతో రుద్ది పలకలు అరగదీశాను. అక్కడ రంగు పోయింది, పోనీ.

నోట్లో కోరపళ్లు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. అసలు జంతువుకు ముందు పక్షి ముక్కులాంటి మూతి, లోపల ఆకు ఆకారంలో చిన్న చిన్న పళ్లు, అంతే. ఇదే కవచజాతికి చెందిన బోరియలోపెల్టా 2011లో కెనడాలోని అల్బర్టా గనిలో దొరికింది, 11 కోట్ల ఏళ్ల నాటిది. దాని కడుపులో చివరి మేత అలాగే మిగిలింది: ఎక్కువగా ఫెర్న్ ఆకులు, వాటితో బొగ్గు రవ్వలు. కార్చిచ్చు తర్వాత కొత్తగా చిగురించిన చోట మేసిందన్నమాట. ఆ నోటికి కోరలెందుకు?

పెట్టెలోని కార్డులో ఆంకిలోసారస్‌కు 1908లో శిలాజ శాస్త్రవేత్త బార్నమ్ బ్రౌన్ ఆ పేరు పెట్టారని సరిగ్గానే రాశారు, పొడవు మాత్రం 10 మీటర్లన్నారు. ఇప్పటి అంచనా 6 నుంచి 8 మీటర్లే.

పాఠం చెప్పేవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. పసిపిల్లలకు మాత్రం ఇవ్వకండి, పక్కల ముళ్ల కొనలు గట్టిగానే గుచ్చుకుంటున్నాయి.