కొండల నడుమ హ్యామ్ రేడియో: రిపీటర్ మేలా, తీగ యాంటెన్నా మేలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు హ్యామ్ రేడియో, అంటే లాభాపేక్ష లేకుండా సరదాకు సొంత రేడియో సెట్టుతో ఇతరులతో మాట్లాడే విద్య, నేర్చుకోవాలనుకునే తెలుగువారు ముందుగా లైసెన్సు గురించి తెలుసుకోవాలి. దానిని కేంద్ర టెలికాం శాఖలో రేడియో తరంగాల వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది కనుక ఒడిశాలో ఉన్నా, సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్నా నిబంధనలు ఒక్కటే. పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. లైసెన్సులో రెండు గ్రేడులు. జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) రావాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు ఆ పరీక్ష లేదు, అనుమతించే ప్రసార శక్తి (వాట్లు) మాత్రం తక్కువ. మోర్స్ పట్టుబడేదాకా ఏళ్లూ పూళ్లూ ఆగడం కంటే రిస్ట్రిక్టెడ్‌తో మొదలుపెట్టడమే మంచిది. లైసెన్సు లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే కాబట్టి కొనుగోలుకు తొందరపడకూడదు.

అసలు ఆలోచించవలసింది సెట్టు ఎంపిక దగ్గరే. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే 5 వాట్ల చేతి సెట్టుతో పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి నేరుగా మాట్లాడుకోవచ్చు కానీ, ఆ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే పోతాయి కనుక కొండ అడ్డొస్తే గుణుపురం వినపడదు. ఎత్తైన చోట నిలిపిన రిపీటర్ ఈ లోటు తీరుస్తుంది: ఒక ఫ్రీక్వెన్సీలో వింటూ, అదే క్షణంలో 600 కిలోహెర్ట్జ్ తేడాతో ఉన్న మరో ఫ్రీక్వెన్సీలో ఆ మాటనే గట్టిగా ప్రసారం చేస్తుంది. సెట్టులో ఆ తేడానూ, రిపీటర్‌కు టోన్ (దాన్ని మేల్కొలిపే సన్నని గుర్తు ధ్వని) పెట్టి ఉంటే దానినీ సరిగా అమర్చకపోతే ఎంతసేపు పిలిచినా అది పలకదు. కొత్తవారు సెట్టు పాడైందనుకునేది ఇక్కడే.

రోజువారీ సంభాషణకూ, పద్ధతిగా కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) చెప్పి మాట్లాడే అలవాటుకూ రిపీటర్‌ను మించింది లేదు. అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడేలా చేసిన సంగతి మనకు తెలిసిందే. అలాంటి రోజున కొండమీది యాంటెన్నా నిలవాలి, దాని బ్యాటరీ నిలవాలి, అది ఆగితే బాగుచేసే మనిషి అక్కడికి చేరగలగాలి.

అందుకే మన జిల్లాలకు 7 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే తీగ యాంటెన్నానే నేను ఎక్కువగా నమ్ముతాను. రిస్ట్రిక్టెడ్ గ్రేడులోనూ ఈ బ్యాండుకు అనుమతి ఉంది. మధ్యలో కేబుల్ కలిపి, అటు పది మీటర్లు, ఇటు పది మీటర్ల రాగి తీగను నాలుగైదు మీటర్ల ఎత్తున రెండు కొబ్బరిచెట్ల మధ్య కడితే, సంకేతం నిట్టనిలువుగా పైకి వెళ్లి అయనావరణం (రేడియో తరంగాలను వెనక్కి తిప్పే ఎత్తైన వాతావరణ పొర) నుంచి చుట్టూరా జల్లులా దిగుతుంది. కొండ ఎంత ఎత్తున్నా దానికి అడ్డు కాదు. నడుమ మరో యంత్రం అవసరం లేదు, కారు బ్యాటరీ చాలు. ఈ బ్యాండుకు కావలసిన సెట్టు ఖరీదు చేతి సెట్టు కంటే చాలా ఎక్కువన్నది నిజమైన ఇబ్బందే, కానీ అది నలుగురు కలిసి కొనదగిన వస్తువు, అయితే దానిని వాడే ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉండాలి. చీకటి పడ్డాక 7 మెగాహెర్ట్జ్‌లో దగ్గరి ఊళ్లు వినపడకుండా పోవచ్చు, అప్పటికి 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగాలి, దాని తీగకు దాదాపు 40 మీటర్ల చోటు కావాలి కాబట్టి స్థలం ముందే చూసుకోవాలి.